దురాక్రమణ అనే మాట లేని కాల్పుల విరమణ పిలుపు తటస్థతేనా? ఇరాన్–ఇరాక్ యుద్ధంపై చర్చ

పాతపుటలు:

పొరుగు దేశాలు రెండు యుద్ధానికి దిగినప్పుడు మిగిలిన ప్రపంచం ముందుగా కాల్పులు ఆపించాలా, లేక ఎవరు ఎవరి గడ్డ మీదికి వచ్చారో చెప్పాలా అనే ప్రశ్నను ఊహల మీద కాక, 1980లో మొదలై ఎనిమిదేళ్లు సాగిన ఇరాన్–ఇరాక్ యుద్ధం మీద పెట్టి చూడాలని నా కోరిక. 1975లో అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో కుదిరిన ఒప్పందం షత్-అల్-అరబ్ నదిలో రెండు దేశాల సరిహద్దును నౌకలు తిరిగే లోతైన పాయ వెంబడి నిర్ణయించింది. 1980 సెప్టెంబరు 17న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ ఆ ఒప్పందం ఇక చెల్లదని ప్రకటించాడు. అయిదు రోజుల తరువాత, సెప్టెంబరు 22న, ఇరాక్ సైన్యం సరిహద్దు దాటి ఇరాన్‌లోని ఖుజిస్తాన్‌లోకి ప్రవేశించింది.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సెప్టెంబరు 28న 479వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. బలప్రయోగం వెంటనే మానుకోవాలని, వివాదాన్ని శాంతియుతంగా పరిష్కరించుకోవాలని, మధ్యవర్తిత్వం వస్తే అంగీకరించాలని అది ఇరుపక్షాలనూ కోరింది. అయితే సేనలను సరిహద్దు వెనక్కి తీసుకోవాలని ఎవరినీ కోరలేదు. దురాక్రమణ అనే మాట అందులో లేదు. యుద్ధం అనే మాట కూడా వాడకుండా దానిని ఇరాన్, ఇరాక్‌ల మధ్య ‘పరిస్థితి’ అని పేర్కొన్నారు. వేల చదరపు కిలోమీటర్ల పొరుగు నేలను పట్టుకుని కూర్చున్న సైన్యాన్ని ఉన్నచోటనే ఆగమనడం ఆ నేల మీద దాని పట్టును ఖాయం చేయడమే అవుతుంది. అందుకే ఇరాక్ ఆ తీర్మానాన్ని అంగీకరించింది, ఇరాన్ తిరస్కరించింది. నా దృష్టిలో అది తటస్థత కాదు. పక్షం వహించామని ఒప్పుకోకుండా పక్షం వహించే పద్ధతి అది.

ఇదే మండలి, ఇదే ఇరాక్, పదేళ్ల తరువాత: 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన రోజునే 660వ తీర్మానం వచ్చింది, ఆగస్టు 1 నాటి స్థానాలకు వెంటనే, బేషరతుగా వెనక్కి వెళ్లాలని ఆదేశించింది. నాలుగు రోజులకు ఆంక్షలు కూడా వచ్చాయి. ఆ మాటలు 1980లో రాయడం ఎవరికీ రాక కాదు కదా?

ఎదురువాదన:

పాతపుటలు గారూ, మీరు చెప్పిన తేదీలన్నీ సరైనవే. అయితే ఆ తేదీలకు ముందున్న పది నెలలను మీరు దాటవేశారు. 1979 నవంబరు 4న టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించి దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకుంటే దానిని సమర్థించిన ఇరాన్ ప్రభుత్వం, వారిని విడిచిపెట్టాలని భద్రతా మండలి చెప్పినా వినలేదు, 1980 మే 24న అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు ఇచ్చినా వినలేదు. ఇరాక్ దాడి చేసిన నాటికి 52 మంది ఇంకా బందీలుగానే ఉన్నారు. మండలి మాటను పూచికపుల్లగా తీసిపారేసిన దేశం, తన ఇంటికి నిప్పు అంటుకోగానే అదే మండలి నుంచి న్యాయం ఆశిస్తే ఎవరు ముందుకు వస్తారు? ఇది సరైనదని నేను అనడం లేదు, ఇలాగే జరుగుతుందని అంటున్నాను.

అసలైన అభ్యంతరం 1982 గురించి. ఆ ఏడాది మే 24న ఇరాన్, ఇరాక్ ఆక్రమించుకున్న తన నగరం ఖుర్రంషహర్‌ను తిరిగి గెలుచుకుంది. జూన్‌లో ఇరాక్ వెనక్కి తగ్గుతానని ప్రకటించింది. జూలై 12న మండలి 514వ తీర్మానంలో, మీరు అడుగుతున్న మాటనే, అంటే అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన సరిహద్దుల వరకు ఉపసంహరణ అనే మాటనే చేర్చింది. ఇరాన్ ఏం చేసింది? ఒకటి రెండు రోజుల్లోనే సరిహద్దు దాటి ఇరాక్ నగరం బస్రా దిశగా దాడికి దిగింది. ఆ తరువాతి ఆరేళ్ల మరణాలకు 479వ తీర్మానంలోని ఒక లోపాన్ని కారణంగా చూపడం, ఆ నిర్ణయం తీసుకున్నవారిని వదిలిపెట్టడమే అవుతుంది.

లెక్కలపద్దు:

మీరిద్దరూ తీర్మానాల వాక్యాల మీద వాదించుకుంటున్నారు. నా ఉద్దేశంలో ప్రపంచం ఈ యుద్ధానికి ఇచ్చిన అసలు సమాధానం ఆయుధాల ఓడల్లోను, అప్పు పత్రాల్లోను ఉంది. సోవియట్ యూనియన్ మొదట ఇరాక్‌కు సరఫరా ఆపి, యుద్ధం ఇరాక్ భూభాగం వైపు తిరిగాక మళ్లీ భారీగా మొదలుపెట్టింది. ఫ్రాన్స్ మిరాజ్ విమానాలు అమ్మడమే కాక, 1983లో తన నౌకాదళానికి చెందిన అయిదు సూపర్ ఎతాందార్ విమానాలను అరువిచ్చింది. సౌదీ అరేబియా, కువైట్ ఇరాక్‌కు వేల కోట్ల డాలర్ల అప్పులిచ్చాయి. అమెరికా 1982లో ఇరాక్‌ను ఉగ్రవాదాన్ని పోషించే దేశాల జాబితా నుంచి తొలగించింది, 1984 నవంబరులో దౌత్య సంబంధాలను పునరుద్ధరించింది, ఆ మరుసటి ఏడాది నుంచి రహస్యంగా ఇరాన్‌కు క్షిపణులు అమ్మింది. చైనా ఆయుధాలు ఇరువైపులా పేలాయి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు అంటారు, ఇక్కడ చుట్టలు పట్టుకుని వరుసలో నిలబడ్డవారిలో మండలి శాశ్వత సభ్యులే ఎక్కువ.

అందువల్ల 479వ తీర్మానంలో ఒక మాట చేరి ఉంటే యుద్ధం ఆగేదని నమ్మడం కష్టం. ఆ రెండు ప్రభుత్వాలలో ఏదీ పూర్తిగా గెలవకూడదని చాలామంది కోరుకున్నారు. ఆ కోరిక మేరకే సరుకు కదిలింది.

పాతపుటలు:

ముందుగా ఎదురువాదన గారికి. 1982 జూలైలో ఇరాన్ సరిహద్దు దాటడం ఘోరమైన తప్పు అని నేనూ అంగీకరిస్తాను. కాని 479కు, 514కు మధ్య దాదాపు ఇరవై రెండు నెలల కాలంలో మండలి ఈ యుద్ధం మీద మరొక్క తీర్మానమైనా చేయలేదన్న సంగతిని మీరు ప్రస్తావించలేదు. ఇరాన్ నేల మీద ఇరాక్ సైన్యం ఉన్నంతకాలం మౌనంగా ఉన్న సభ, ఆ సైన్యం ఓడి వెనుదిరిగిన తరువాత సరిహద్దులను గౌరవించాలని గుర్తు చేస్తే, ఆ గుర్తు చేయడం ఎవరి కోసమో టెహ్రాన్‌లో ఉన్నవారికి ఎలా అర్థమై ఉంటుంది? 1980 అక్టోబరులో అప్పటి ఇరాన్ ప్రధాని మహమ్మద్ అలీ రజాయీ స్వయంగా మండలి ముందుకు వచ్చి మాట్లాడాడు. అంటే ఆ తలుపు మొదటినుంచీ మూసి లేదు.

బందీల విషయంలో ఇరాన్ నేరం నేరమే. అయితే పొరుగువాడి సైన్యం నుంచి రక్షణ అనేది మంచి నడవడికకు ఇచ్చే బహుమానం కాదు. బలప్రయోగాన్ని నిషేధించే ఐక్యరాజ్యసమితి నిబంధనావళిలోని రెండవ అధికరణం సభ్యదేశాలలో సత్ప్రవర్తన గలవారికి మాత్రమే వర్తిస్తుందని ఎక్కడా రాసి లేదు.

లెక్కలపద్దు గారూ, ఆయుధాలకు, వాక్యాలకు సంబంధం లేదన్న మీ మాటతో నేను ఏకీభవించలేను. దురాక్రమణదారు అని ఒకసారి పేరు పెడితే, ఆ దేశానికి యుద్ధవిమానాలు అరువివ్వడం ఏ ప్రభుత్వానికైనా ఇంటా బయటా కష్టమయ్యేది. పేరు పెట్టకపోవడం వల్లనే వ్యాపారం మామూలు వ్యాపారంలా సాగింది.

రసాయన ఆయుధాల సంగతి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 1984 మార్చిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి పంపిన నిపుణులు ఇరాన్‌కు వెళ్లి, గాయపడినవారిని పరీక్షించి, మస్టర్డ్ గ్యాస్, టాబున్ అనే విషరసాయనాలు వాడారని నివేదిక ఇచ్చారు. 1925 నాటి జనీవా ప్రోటోకాల్ నిషేధించిన పని అది. దానికి మండలి నుంచి వచ్చింది తీర్మానం కంటే తేలికైన అధ్యక్షుని ప్రకటన మాత్రమే, అందులో దోషి పేరు లేదు. రెండు నెలలకు, అంటే జూన్ 1న, కువైట్, సౌదీ అరేబియా ఓడరేవులకు వచ్చిపోయే వాణిజ్య నౌకలపై దాడులను ఖండిస్తూ 552వ తీర్మానమే వచ్చింది. చమురు ఓడకు తీర్మానం, ఊపిరితిత్తులు కాలిన సైనికునికి ప్రకటన! ఇరాక్ పేరును ఒక ప్రకటనలోనైనా ఎత్తడానికి 1986 మార్చి దాకా పట్టింది. 1988 మార్చి 16న ఇరాక్‌లోని హలబ్జాలో వేలమంది కుర్దులు విషవాయువుకు బలైన తరువాత మే నెలలో వచ్చిన 612వ తీర్మానం మళ్లీ పేరు చెప్పకుండా ఇరుపక్షాలకూ హితబోధ చేసింది.

సందేహి:

నేను సాధారణంగా చదివి ఊరుకునేవాడిని. కాని మండలిని మాత్రమే అంతర్జాతీయ స్పందనగా లెక్కించడం ఈ చర్చను ఇరుకు చేస్తోందని అనిపించింది. స్వీడన్ నాయకుడు ఒలాఫ్ పామె 1980 నవంబరు నుంచి ప్రధాన కార్యదర్శి ప్రతినిధిగా రెండు రాజధానుల మధ్య తిరిగాడు. అల్జీర్స్ ఒప్పందానికి పెద్దరికం వహించిన అల్జీరియా మళ్లీ మధ్యవర్తిత్వానికి పూనుకుంది. 1982 మే 3న ఆ దేశ విదేశాంగ మంత్రి మహమ్మద్ సెద్దిక్ బెన్యహియా ప్రయాణిస్తున్న విమానం ఇరాన్, టర్కీ సరిహద్దు దగ్గర కూల్చివేతకు గురై, ఆయన ప్రాణాలు కోల్పోయాడు. అలీన దేశాల శిఖరాగ్ర సభ బాగ్దాద్‌లో జరగవలసి ఉండగా యుద్ధం వల్ల 1983 మార్చిలో ఢిల్లీకి మారింది. తన సభ్యులిద్దరు ఒకరినొకరు చంపుకుంటుంటే ఆ కూటమి చేయగలిగింది వేదిక మార్చడమేనా అనే విమర్శ న్యాయమైనదే.

అయినా పేరు పెట్టకుండా మెల్లగా చేసిన పనికి ఒక ఫలితం ఉంది. పౌరుల నివాస ప్రాంతాలపై దాడులు మానుకోవాలని 1984 జూన్‌లో ప్రధాన కార్యదర్శి పెరెజ్ దె కుయెయార్ చేసిన విజ్ఞప్తిని రెండు దేశాలూ అంగీకరించాయి. గమనించడానికి బాగ్దాద్‌లోను, టెహ్రాన్‌లోను చిన్న బృందాలను ఉంచారు. ఆ మాట 1985 మార్చి వరకు చాలామటుకు నిలిచింది. ఆ తొమ్మిది నెలల్లో నగరాల్లో బతికి బయటపడ్డవారికి దురాక్రమణ అనే మాట కంటే ఆ ఒప్పందమే విలువైనది కాదా? ఒక పక్షాన్ని దోషిగా ప్రకటించిన మనిషిని ఆ పక్షం తన ఇంటిలోకి రానిస్తుందా?

ఎదురువాదన:

సందేహి గారి మాటకు ఒకటి చేరుస్తాను. 1987 జూలై 20 నాటి 598వ తీర్మానంలో కాల్పుల విరమణ, ఉపసంహరణ, బాధ్యత ఎవరిదో తేల్చే నిష్పాక్షిక విచారణ అన్నీ ఉన్నాయి. మీరు 1980లో కావాలంటున్నవి చాలావరకు అందులో ఉన్నా, ఇరాన్ అంగీకరించడానికి ఏడాది పట్టింది. 1988లో అంతకుముందు తాను పట్టుకున్న ఇరాక్‌లోని ఫా ద్వీపకల్పం చేజారి, నగరాలపై క్షిపణులు కురిసి, జూలై 3న అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చి 290 మంది మరణించిన తరువాతనే ఇరాన్ అధినేత ఖొమేనీ ఆ నిర్ణయాన్ని విషం తాగడంతో పోలుస్తూ ఒప్పుకున్నాడు. యుద్ధాన్ని ఆపినది అలసట. మంచి వాక్యం సిద్ధంగా ఉన్నా అది ఏడాది పాటు ఎదురు చూసింది.

పాతపుటలు:

సందేహి గారి ప్రశ్నకు నా సమాధానం: ఆ రెండు పనులూ ఒకే మనిషి చేయనక్కరలేదు. మధ్యవర్తి నోరు అదుపులో పెట్టుకోవలసిందే. పామె గాని, పెరెజ్ దె కుయెయార్ గాని దోషిని ఎత్తిచూపాలని నేను అనను. మండలి మధ్యవర్తి కాదు, శాంతిభంగం జరిగిందో లేదో నిర్ణయించవలసిన బాధ్యత నిబంధనావళి దానికే అప్పగించింది. 1980 జనవరిలో సోవియట్ సేనలు ప్రవేశించిన అఫ్ఘానిస్తాన్ విషయంలో వీటో అడ్డువస్తే సర్వప్రతినిధి సభ అత్యవసరంగా సమావేశమై విదేశీ సేనలు వెళ్లిపోవాలని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో వీటో కూడా అడ్డు లేదు, అడగడానికి ఎవరికీ మనసు రాలేదు.

అలసటే యుద్ధాన్ని ఆపిందన్న మాట ఒప్పుకుంటాను. కాని యుద్ధం ఆగిన తరువాతి లెక్క కూడా చూడండి. 598లో మీరు పేర్కొన్న విచారణ ఫలితంగా 1991 డిసెంబరు 9న ప్రధాన కార్యదర్శి ఇచ్చిన నివేదిక, 1980 సెప్టెంబరు 22 నాటి దాడిని నిబంధనావళి ప్రకారం సమర్థించలేమని తేల్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత, ఇక్కడ పదకొండేళ్లు పట్టింది, అదీ ఇరాక్ అందరికీ శత్రువైన తరువాత. కువైట్ ఆక్రమణ నష్టాలకు మాత్రం ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం ఇరాక్ చమురు ఆదాయం నుంచి 2022 జనవరి వరకు మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లింపజేసింది. ఎనిమిదేళ్ల యుద్ధానికి ఇరాన్‌కు అటువంటి సంఘమే లేదు.

1975 నాటి సరిహద్దు చివరకు ఎలా తిరిగి వచ్చిందో తెలుసు కదా. 1990 ఆగస్టు మధ్యలో, కువైట్ వైపు సేనలను తరలించుకోవలసిన అవసరం వచ్చిన సద్దాం తానే టెహ్రాన్‌కు లేఖ రాసి, అల్జీర్స్ ఒప్పందాన్ని మళ్లీ అంగీకరించి, ఇంకా తన ఆధీనంలో మిగిలిన ఇరాన్ నేలను వదిలిపెట్టాడు.