నావాటిల్ ఊరి పేర్లలో కొండ బొమ్మను ఎప్పుడు చదవాలి?

ప్రశ్న:
1541 ప్రాంతంలో మెక్సికోలో తయారైన మెండోజా కోడెక్స్ అనే చేతిరాత గ్రంథంలో, అజ్టెక్‌ల భాష అయిన నావాటిల్‌లోని ఊరి పేర్లను తెలిపే బొమ్మలను కొద్ది రోజులుగా పరిశీలిస్తున్నాను. చపుల్తెపెక్ అనే ఊరి గుర్తులో కొండ మీద మిడత ఉంది కనుక ‘మిడతల కొండ’ అని తేలిగ్గానే తెలిసింది. కొల్వాకాన్ ఊరి గుర్తులో కూడా కొండే కనిపిస్తున్నా, ఆ పేరులో కొండకు వాడే ‘తెపే’ అన్న శబ్దం లేదు. అలాంటప్పుడు ఆ బొమ్మను ఎలా చదవాలి?

జవాబు 1:
ఆ కొండ శిఖరాన్ని మరోసారి చూడండి. మామూలు కొండను గంట ఆకారంలో, ఆకుపచ్చగా, అడుగున ఎరుపు, పసుపు పట్టీలతో, అంచుల వెంట రాళ్లను తెలిపే మెలికలతో గీస్తారు. కొల్వాకాన్ కొండకు మాత్రం కొన ఒక పక్కకు వంగి ఉంటుంది. ‘కోల్’ అంటే వంపు కాబట్టి అక్కడ చదవవలసింది ఆ వంపునే. నావాటిల్‌లో ఊరిని ‘ఆల్తెపెట్ల్’, అంటే ‘నీరు-కొండ’ అనేవారు కనుక, పలకని చోట కూడా కొండ బొమ్మ ఊరన్న భావాన్ని మోస్తుందని నేను అనుకుంటాను.

జవాబు 2:
దీనికి తిరగేసిన పద్ధతి కూడా ఉంది: బొమ్మ అర్థాన్ని వదిలి, దాని పేరులోని శబ్దాన్నే చదవడం. క్వావ్‌తిత్లాన్ గుర్తులో చెట్టుకు పళ్లు, అంటే దంతాలు ఉంటాయి. ‘త్లాంత్లి’ అంటే పన్ను, ‘త్లాన్’ అంటే దగ్గర అని అర్థం కాబట్టి, ‘చెట్ల దగ్గర’ అన్న పేరులో బొమ్మగా గీయలేని ‘దగ్గర’ను పళ్లతో రాశారు. మనం ప్రభుత్వానికి కట్టే పన్నును సూచించడానికి నోటిలోని పన్నును గీస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. నేటి క్వెర్నవాకా అసలు పేరైన క్వావ్‌నావాక్‌కు కూడా ‘చెట్ల చెంత’ అనే అర్థం. ‘నావా’ అంటే స్పష్టంగా వినిపించే మాట కనుక, అక్కడ ‘నావాక్’ కోసం చెట్టుకు నోరు పెట్టి, అందులోంచి మాట వెలువడుతున్నట్లు చిన్న చుట్ట గీశారు. నీటిని మాత్రం ఉన్నదున్నట్లు నీలి ధారగా వేసి, పాయల చివర చుక్కలూ గుల్లలూ పెడతారు.

ప్రశ్న అడిగినవారు:
వంపును గమనించనే లేదు, ధన్యవాదాలు. మరి సరస్సు మధ్యన కట్టిన అజ్టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్ గుర్తులో నీరు ఎందుకు లేదు?

జవాబు 1:
ఆ పేరులో ‘తె’ రాయి, ‘నోచ్’ నాగజెముడు. సరస్సు పేరులో లేదు కాబట్టి గుర్తులోనూ రాయి మీద మొలిచిన నాగజెముడే ఉంటుంది. కోడెక్స్ మొదటి బొమ్మలో నగరం చుట్టూ కనిపించే నీలి పట్టీ ఆ సరస్సే, అయితే దాన్ని చూస్తాం గానీ పేరులో భాగంగా చదవం.