కరువులో పొందిన బాప్తిస్మం మారుమనస్సు అవుతుందా?

సందేహి:
మొన్న ఒక మిత్రుడి ఇంట్లో మొదలైన వాదన ఇది, అక్కడ తెగలేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నది నీళ్లలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇప్పించింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. మిత్రుడు దాన్ని గొప్ప ఉజ్జీవం, అంటే జనంలో విశ్వాసం మేల్కొనడం అంటాడు. నాకు మాత్రం ఆ తేదీకి ముందున్న ధాత కరువే, అంటే 1876లో మొదలైన మహా కరువే కనిపిస్తుంది. తిరిగి జన్మించడం అంటే మనిషి లోపల జరిగే సంగతి కదా. ఆకలితో అలమటించిన జనం గుంపుగా వచ్చి వరుసలో నిలబడితే, ఒక్క పూటలో అది జరిగిందని ఎలా నమ్మాలి?

గుండ్లకమ్మ ఒడ్డు:
తేదీ సరిగ్గానే చెప్పారు, దాని వెనక ఉన్న ఏడాదిని వదిలేశారు. కరువు బాధితులకు కూలి దొరికే పనిగా, కోస్తా వెంబడి సాగే బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. చేసిన పనికి కూలి ఇచ్చాడు. ఆ కాలమంతా, అంటే ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం సంఘంలో కలిశారన్న మాట పడకూడదనే ఆపాడు. సహాయం ముగిశాకే 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. కూలి డబ్బులే కారణమైతే జనం అప్పటికి ఎవరి దారి వారు చూసుకోవాలి. ఇక ఒక్క పూట సంగతి అంటారా, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో దిగారు. అందులో మాయ ఏమీ లేదు.

సందేహి:
ఆ కాలువ మీద మేస్త్రీలు ఎవరండీ? ఆయన బోధకులే. పలుగు పక్కన పెట్టి కూర్చున్నప్పుడు కూలీలకు సువార్త చెప్పిందీ వాళ్లే. కూలి లెక్క రాసేవాడే ప్రార్థన నేర్పితే, ఆ రెండింటినీ వేరు చేసి చూడగలిగే స్థితిలో కూలివాడు ఉంటాడా? యోహాను సువార్త 6వ అధ్యాయం చూడండి. రొట్టెలు తిని తన వెంట పడిన జనాన్ని యేసే నిలదీశాడు. ఆయనకు లేని మొహమాటం మనకెందుకు?

వేపచెట్టు నీడ:
మీరు యోహాను దగ్గర ఆగిపోయారు. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడికి తండ్రి ఇల్లు ఎప్పుడు గుర్తొచ్చింది? పందులు తినే పొట్టు కూడా దొరకనప్పుడు. దారిలో అతడు వల్లె వేసుకున్న మాటలు కూడా కూలివాడిగా పెట్టుకోమని అడగడానికే. తండ్రి కారణం అడగలేదు, పరుగెత్తుకుంటూ ఎదురు వెళ్లాడు.

ఎందుకు వచ్చారని తవ్వుతున్నాం కానీ, వచ్చాక ఏం పోగొట్టుకున్నారో ఎవరూ అడగడం లేదు. క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి చిన్నవే. గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పొలానికి పోవడం మాదిగల వంతుగా ఉన్న ఊళ్లో ఆ మూడూ పాటించడం అంటే ఊరితో తగవు పెట్టుకోవడమే. మాది కనిగిరి వైపు అలాంటి కుటుంబమే. ఇంత తెగింపు తెచ్చిన మార్పును ఏ పేరుతో పిలుస్తారో మీరే చెప్పండి.

పాత సభ్యుడు:
నేను పుట్టుకతో సంఘ సభ్యుణ్ణి, కాబట్టి నా మాట కాస్త చేదుగా ఉంటుంది. మా ఊళ్లో రెండు సంఘాలు. సిద్ధాంతంలో వెంట్రుకవాసి తేడా లేదు. ఒకటి మాలపల్లెది, ఇంకొకటి మాదిగపల్లెది. క్రీస్తులో ఉన్నవాడు నూతన సృష్టి అన్న బైబిలు మాట పెళ్లి సంబంధాల దగ్గర ఎవరికీ గుర్తుకు రాదు. ప్రతి వేసవిలో మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు జరుగుతాయి. ప్రసంగం చివర మారుమనస్సు కోసం లేచే చేతులు ఏటా అవే చేతులు.

దీనికి తోడు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. అందుకే ఎంతోమంది కాగితం మీద ఒకటి, ఆదివారం నాడు ఒకటి. వాళ్లను నేను తప్పుపట్టను. పిల్లల చదువు అడ్డం పెట్టి విశ్వాసాన్ని పరీక్షించే చట్టమే తప్పు. కానీ దాచుకుంటూ బతికే విశ్వాసం లోపల్లోపల ఏమవుతుందో మన ప్రసంగాల్లో ఎవరూ మాట్లాడరు.

గుండ్లకమ్మ ఒడ్డు:
సందేహి గారూ, ఇంకొక్క సంగతి. ఈ కదలిక కరువుతో పుట్టలేదు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి 1866లోనే బాప్తిస్మం పొందాడు. అంతకు ముందు ఆయన గురువు దగ్గర యోగం నేర్చుకుని సాధన చేసినవాడు. వెతుకులాట ఉన్న మనిషి. తరువాత పల్లె పల్లెకూ నడిచి చెప్పిందీ ఆయనే. కరువు నాటికి పదేళ్లుగా ఆ మాట మాదిగపల్లెల్లో తిరుగుతోంది.

సందేహి:
పేరయ్య గారి విషయంలో ఒప్పుకుంటాను. ఆయనది వెతుకులాటే. కానీ ఆ జూలైలో నీళ్లలో దిగిన ప్రతి ఒక్కరికీ ఆయన సాధనను అంటగట్టలేం. వాళ్ల మనసులో ఏముందో అడగడానికి వాళ్లు లేరు.

వేపచెట్టు నీడ:
వాళ్లు లేరు. మా నానమ్మను అడిగాను, ఆమె పోవడానికి ముందు. తన అవ్వ ఎందుకు కలిసిందని. "కూడు లేక" అంది, సిగ్గుపడకుండా. మరి తరువాత అని అడిగితే, "తరువాత వానలు పడ్డాయి, కూడు దొరికింది. అయినా ప్రతి ఆదివారం రెండు కోసులు నడిచి గుడికి పోయేది" అంది.

పాత సభ్యుడు:
ఏ పల్లె గుడికి?

వేపచెట్టు నీడ:
మాదిగపల్లె గుడికే. మాలపల్లెది దగ్గరే ఉండేదట.