అప్‌డేట్: మా అమ్మాయి కంటి నరం వాపు అనుమానం ఎలా తీరింది

కళ్లజోడు కోసం చేసిన పరీక్షలో మా పన్నెండేళ్ల అమ్మాయికి రెండు కళ్లలోనూ కంటి నరం మొదలు ఉబ్బినట్లు కనిపించిందనీ, మెదడులో ఒత్తిడి పెరగడమే కారణమా, వెంటనే ఎంఆర్ఐ తీయించాలా అనీ ఇంతకుముందు అడిగాను. న్యూరో విభాగం ఉన్న కంటి ఆసుపత్రికి వెళ్లమన్నవారికి కృతజ్ఞతలు.

అక్కడ కంటిపాపలు పెద్దవయ్యే చుక్కలు వేసి చూసిన డాక్టరు గారు, నరం అంచులు మసకగా ఉన్నా వాటి మీదుగా వెళ్లే రక్తనాళాలు స్పష్టంగానే ఉన్నాయని గమనించారు. నిజమైన వాపులో ఉబ్బిన నరపు పోగులు ఆ నాళాలను అక్కడక్కడ కప్పేస్తాయట. అసలు సంగతి తేల్చింది మాత్రం బీ-స్కాన్ అల్ట్రాసౌండ్. యంత్రం గెయిన్ (సంకేతాన్ని పెంచి చూపే స్థాయి) తగ్గించుకుంటూ పోగా చుట్టుపక్కల కణజాలమంతా మసకబారినా, నరం మొదట్లో చిన్న చుక్కలు మెరుస్తూనే ఉన్నాయి. అవి కాల్షియం చేరిన డ్రూసెన్, అంటే నరం మొదట్లో పేరుకున్న చిన్న గట్టి ముద్దలు; నరం ఉబ్బినట్లు కనిపించింది వాటివల్లే, నిజమైన వాపు వల్ల కాదు. డ్రూసెన్ తమంతట తామే మెరిసేలా ప్రత్యేక కాంతిలో తీసే ఆటోఫ్లోరోసెన్స్ ఫోటోలో అవి అంతగా కనిపించకపోవడానికి కారణం, పిల్లల్లో అవి సాధారణంగా లోతుగా పూడుకుని ఉండటమే. ఓసీటీ (కంటి వెనుక పొరల మందాన్ని కాంతితో కొలిచే స్కాన్) రిపోర్టులో నరం చుట్టూ పొర మందంగా ఉందన్న అంకె నన్ను బాగా భయపెట్టింది కానీ, డ్రూసెన్ ఉన్నా ఆ అంకె పెరగవచ్చు కాబట్టి దానిమీదే ఆధారపడి వాపు అనలేమని డాక్టరు గారు వివరించారు.

తలనొప్పి, వాంతులు, చూపు క్షణకాలం మసకబారడం వంటివేవీ లేనందున ఎంఆర్ఐ ప్రస్తుతానికి అవసరం లేదన్నారు. డ్రూసెన్‌ను తొలగించే చికిత్స లేదు; కాలక్రమంలో పక్కచూపు కొంత తగ్గే అవకాశం ఉన్నందున ఏటా ఫీల్డ్ పరీక్ష (చుట్టూ ఎంతమేర చూపు ఉందో చూసే పరీక్ష), ఓసీటీ చేయించాలి. ఇప్పటి ఫీల్డ్ పరీక్షలో అంధచుక్క (ప్రతి కంటిలోనూ సహజంగా చూపు లేని చిన్న చోటు) కొంచెం పెద్దదిగా ఉండటం తప్ప వేరే లోపం లేదు. ఇది కుటుంబాల్లో నడిచే లక్షణం కనుక వాళ్ల తమ్ముడికీ త్వరలో పరీక్ష చేయిస్తున్నాం.