కారు అలారం సైరన్ నిమిషంలో దానంతట అదే ఆగాలంటే?

ప్రశ్న:
పాత కారుకి బయట కొని బిగించిన అలారం ఉంది. రోడ్డు మీద లారీ వెళ్లినా మోగుతుంది, రిమోట్ నొక్కేదాకా ఆగదు. అపార్ట్‌మెంట్‌లో అందరికీ నిద్ర పాడవుతోంది. అలారం పీకేయకుండా సైరన్ మాత్రం నిమిషంలో ఆగాలి. 555 టైమర్ చిప్‌తో కుదురుతుందా? సైరన్‌కి సిరీస్‌లో రెసిస్టర్ పెడితే చాలంటున్నారు, నిజమేనా?

జవాబు 1:
కుదురుతుందండీ. సైరన్ పాజిటివ్ వైరు నుంచే 555కి సప్లై ఇవ్వండి. మోగినప్పుడే సర్క్యూట్‌కి కరెంటు, మిగతా టైంలో బ్యాటరీ తినదు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. సైరన్ వైరు నుంచి 1ఎన్4007 డయోడ్, 22 ఓమ్స్ అర వాట్ రెసిస్టర్ మీదుగా 8వ పిన్‌కి. అక్కడి నుంచి కారు బాడీకి (అంటే నెగటివ్‌కి) 15 వోల్టుల 1 వాట్ జీనర్, వోల్టేజ్ అంతకు మించకుండా. 4ని 8కి కలపండి, 1ని బాడీకి. 2, 6 కలిపి అక్కడి నుంచి 8కి 470 కె రెసిస్టర్, బాడీకి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఆ 470 కె రెండు కాళ్ల మధ్య 1ఎన్4148 డయోడ్, దాని మీది గీత 8 వైపు. ఇది లేకపోతే రెండోసారి మోగినప్పుడు టైం తగ్గిపోతుంది. 5 నుంచి బాడీకి 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్. 12 వోల్టుల, 400 ఓమ్స్ రిలే కాయిల్ 8కీ 3కీ మధ్య, దాని మీద 1ఎన్4007, గీత 8 వైపే.

సైరన్ పాజిటివ్‌ని రిలే కామన్, ఎన్‌సీ (రిలే లాగనప్పుడు కలిసి ఉండే కాంటాక్ట్) గుండా పంపండి. 1.1 × 470 కె × 100 మైక్రో, అంటే 52 సెకన్లకి 3వ పిన్ వోల్టేజ్ పడిపోతుంది, రిలే లాగి సైరన్ ఆగుతుంది. సర్క్యూట్ చచ్చినా సైరన్ మాత్రం మోగుతుంది, ఎన్‌సీ అందుకే. 555 సప్లై రిలేకి ముందు, అలారం వైపు నుంచే తీసుకోండి. తర్వాత తీస్తే తన సప్లై తానే కోసుకుని, మళ్లీ మోగుతుంది.

జవాబు 2:
పైన అన్న చెప్పింది కరెక్ట్. కాకపోతే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ కొత్తదే కొనండి. టైం చివర్లో 470 కె గుండా వచ్చేది 8 మైక్రో ఆంపియర్లే. డబ్బాలో ఏళ్లుగా పడున్న ఎలక్ట్రోలిటిక్ అంతకంటే ఎక్కువ లీకైతే వోల్టేజ్ మూడింట రెండు వంతులకి చేరదు, సైరన్ ఎప్పటికీ ఆగదు. ఇంజన్ వేడి తగలని చోట, 105 డిగ్రీల రకం పెట్టండి.

మల్టీమీటర్‌తో సైరన్ వైరు చూడండి. 12 వోల్టులు నిలకడగా రావాలి. హారన్ వైరైతే వచ్చి పోతూ ఉంటుంది, ప్రతిసారీ టైమర్ మొదటికొస్తుంది.

జవాబు 3:
రెసిస్టర్ సంగతి: ఒక ఆంపియర్ సైరన్‌కి 10 ఓమ్స్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ పెడితే తగ్గేది సుమారు 5 డెసిబెల్సే. చెవికి సగమనిపించాలంటే 10 తగ్గాలి. ఇంకా పెంచితే లోపలి టోన్ బోర్డుకి వోల్టేజ్ చాలక గరగరమంటుంది.

సైరన్‌కి చిన్న తాళం ఉంటే లోపల సొంత బ్యాటరీ ఉన్నట్టే. వైరు కోసినా అది అరుస్తూనే ఉంటుంది, దానికి ఈ సర్క్యూట్ పనికిరాదు. ముందు షాక్ సెన్సర్ (కుదుపుని పసిగట్టేది) మీదున్న స్క్రూని కొద్దికొద్దిగా తగ్గించండి; అద్దం మీద వేలితో కొడితే మోగకూడదు, అరచేత్తో చరిస్తే మోగాలి. లారీ గోల అక్కడే చాలావరకు తీరుతుంది.