మేకు అయస్కాంతానికి రెండు క్లిప్పులే అంటుకుంటున్నాయి, సెల్లు మాత్రం కాలిపోతోంది

గోపాలపట్నం అమ్మ:
మా వాడు ఎనిమిదో తరగతి. సోమవారం స్కూల్లో విద్యుదయస్కాంతం చేసి చూపించాలట. మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో అడిగితే గుప్పెడు రాగి తీగ ఊరికే ఇచ్చారు. గోడకి కొట్టగా మిగిలిన కాంక్రీటు మేకుకి 100 చుట్లు చుట్టి టార్చి సెల్లు పెట్టాం. మొదట ఏమీ అంటుకోలేదు. తీగని గరుకు కాగితంతో రుద్దాలని ఏదో వీడియోలో చూసి, వాడు ఈ చివర నుంచి ఆ చివరదాకా తళతళలాడేలా రుద్దేశాడు. మళ్లీ చుడితే రెండు జెమ్ క్లిప్పులు అంటుకున్నాయి, అంతే. సెల్లు కాసేపటికే చెయ్యి కాలేంత వేడెక్కుతోంది. పైగా సెల్లు తీసేసినా ఒక క్లిప్పు మేకుని వదలడం లేదు. పెద్ద బ్యాటరీ పెడదామంటే మా ఆయన వద్దంటున్నారు. ఎక్కడ తప్పు చేశాం?

పాత క్రేన్ ఎలక్ట్రీషియన్, కూర్మన్నపాలెం:
అమ్మా, మీవారి మాట వినండి. పెద్ద బ్యాటరీ వద్దు, గోడ ప్లగ్గు ఊసే వద్దు.

తప్పంతా ఆ రుద్దడంలో ఉంది. తీగ మీద తేనె రంగులో మెరిసిందే, అది వార్నిష్ పూత. కరెంటు పక్క చుట్టులోకి దూకకుండా ఆపేది అదే. రెండు కొసల దగ్గర బెత్తెడు మేర గీకితే చాలు, మిగతాది ముట్టుకోకూడదు. ఇప్పుడు పూత పోయింది కాబట్టి కరెంటు 100 చుట్లూ తిరగడం లేదు, మేకు మీదుగా అడ్డదారిన పోతోంది. సెల్లు షార్టయినట్టే. వేడి అందుకే.

మీ వాడికి ఒక కథ చెప్పండి. తీగలో కరెంటు పోతుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ చూశాడు. 1825లో ఇంగ్లండులో స్టర్జన్ అనే ఆయన గుర్రపు నాడాలాంటి ఇనుముకి వార్నిష్ పూసి, దాని మీద వట్టి తీగని ఎడమెడంగా చుట్టాడు. 200 గ్రాముల ఇనుము 4 కిలోలు ఎత్తింది. తర్వాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ ఇనుముకి పూత పూయడం మానేసి తీగకే పట్టుగుడ్డ చుట్టాడు. ఇక చుట్టు పక్కన చుట్టు, వరస మీద వరస. 1831లో ఆయన అయస్కాంతం 900 కిలోలు దాటి ఎత్తింది. మీ వాడు గరుకు కాగితంతో తీసిపారేసింది ఆ పట్టుగుడ్డ లాంటి పూతనే!

క్లిప్పు వదలకపోవడానికి కారణం మేకు. కాంక్రీటు మేకు గట్టి స్టీలు, ఒకసారి అయస్కాంతమైతే కొంత పట్టు ఉంచుకుంటుంది. మామూలు ఇనుప బోల్టు వాడండి. కొత్త తీగ ఇంకా సన్నది అడిగి 300 చుట్లు చుట్టండి. 100 చుట్లలో 2 ఆంపియర్లు పోయినా, 400 చుట్లలో అర ఆంపియరు పోయినా బలం ఒకటే. సెల్లుకి మాత్రం ఒకటి కాదు.

నేను ముప్పై ఏళ్లు తుక్కు ఎత్తే మాగ్నెట్ల కింద బతికినవాణ్ణి. పొద్దున షిఫ్టు మొదట్లో ఎత్తినంత తుక్కు మధ్యాహ్నానికి ఎత్తదు. కాయిల్ వేడెక్కేకొద్దీ రాగికి నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. కొత్త కుర్రాళ్లు మాగ్నెట్ పాడైందని పరుగెత్తుకొచ్చేవారు. ఎర్రగా కాలిన ఇనుముకైతే అసలు అంటుకోదు. 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంతం మాట వినదు.

ఎంవీపీ అపార్ట్‌మెంట్:
నాదీ ఒక డౌటు సార్. కరెంటు పోతే అయస్కాంతం వదిలేస్తుందిగా, మరి మా లిఫ్టు సంగతి? నిన్న కరెంటు పోయి పది నిమిషాలు అందులోనే ఉన్నాం, టెన్షన్‌తో చచ్చాం.

పాత క్రేన్ ఎలక్ట్రీషియన్, కూర్మన్నపాలెం:
బాబూ, లిఫ్టులో అయస్కాంతం చేసే పని మీరనుకున్నదానికి తలకిందులు. బ్రేకుని బిగించేది స్ప్రింగు. కరెంటున్నంతసేపు అయస్కాంతం ఆ బ్రేకుని తెరిచి పట్టుకుంటుంది. కరెంటు పోగానే స్ప్రింగు పట్టేస్తుంది. క్రేన్‌లోనూ అంతే. తుక్కు మాగ్నెట్‌కి మాత్రం బ్యాటరీ బ్యాకప్ పెడతారు. అయినా దాని కింద ఎవరూ నిలబడకూడదు. నేను ఆ ఒక్క విషయంలోనే మనుషుల మీద అరిచేవాణ్ణి.

కంచరపాలెం కుర్రాడు:
మా పంపు మోటారు స్టార్టర్ జుయ్యిమని మోగుతోంది. అదీ అయస్కాంతమేనా?

పాత క్రేన్ ఎలక్ట్రీషియన్, కూర్మన్నపాలెం:
అదే. మన ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, అన్నిసార్లూ పట్టు సడలుతుంది. అది తెలియకుండా ఉండడానికి లోపల రెండు ఇనుప ముక్కలు ఆనుకునే మొహం మీద చిన్న రాగి రింగు పెడతారు. రింగు చిట్లినా, మొహాల మధ్య దుమ్ము చేరినా ఆ మోత. మీరు మూత తీయకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

గోపాలపట్నం అమ్మ:
సార్, ఇప్పుడే అయింది. బోల్టు, సన్న తీగ, కొసలు మాత్రమే గీకాం. పద్నాలుగు క్లిప్పులు! సెల్లు తీయగానే అన్నీ జలజలా రాలిపోయాయి. పాత కాంక్రీటు మేకుని మాత్రం వాడు పారేయనివ్వడం లేదు, అది కూడా స్కూలుకి పట్టుకెళ్తాడట.