మిద్దెతోటలో గుమ్మడి పూలు, అవిసె పూలు: కోసేదెలా, వండేదెలా?

ప్రశ్న (మిద్దెతోట, ఉప్పల్)

నమస్కారమండీ. మా ఇంటి మిద్దె మీద రెండు పెద్ద తొట్లలో వేసిన గుమ్మడి తీగలు మూడు వారాలుగా పూస్తున్నాయి. రోజుకు ఆరేడు పూలు విచ్చుకుంటున్నా ఇంతవరకు ఒక్క కాయ నిలవలేదు; పుట్టిన రెండు పిందెలూ పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. మా అత్తగారిది తణుకు దగ్గర పల్లె. ఆవిడ ఈ పూలను చూసి, "రాలిపోయేదాకా చూస్తూ కూర్చోవడమెందుకు, శెనగపిండిలో ముంచి వేయించుకోక" అన్నారు. కోస్తే కాయ మీద ఉన్న కాస్త ఆశా పోతుందేమోనని నాకు చేయి రావడం లేదు.

రెండవ సంగతి: గోడవారగా పెద్ద డ్రమ్ములో పెంచుతున్న తెల్ల అవిసె ఈ ఏడే మొదటిసారి పూసింది. ఆ పూలతో వేపుడు చేస్తే చేదుకు ఇంట్లో ఎవరూ రెండో ముద్ద ముట్టలేదు. ఆ చేదు పోయే మార్గమేమిటి? అలాగే ఈ మధ్యనే నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ మొక్కల పూరేకులతో గుల్కంద్ చేసుకోవచ్చునా?

జవాబు (పెరటి పందిరి, తెనాలి)

మీ తీగకు జబ్బేమీ లేదండీ. గుమ్మడికి మగపూలు, ఆడపూలు విడివిడిగా వస్తాయి. మొదట కొన్నాళ్ళు మగపూలే పూస్తాయి కనుక పూత చూసి కాయలు లెక్కపెట్టుకున్నవారికి నిరాశ తప్పదు. గుర్తుపట్టడం తేలిక. సన్నని పొడుగాటి కాడ మీద నిలబడేది మగపువ్వు. ఆడపువ్వుకు, అది ఇంకా మొగ్గగా ఉన్నప్పుడే, కింద గోలీకాయంత పిందె కనిపిస్తుంది. ఆ పిందె పసుపుబారి రాలిందంటే చాలావరకు పుప్పొడి అందలేదనే అనుకోవాలి. మిద్దె మీదికి తేనెటీగలు రాకపోతే ఆ పని మనమే చేయాలి. పొద్దున్నే, ఎండ ముదరకముందు, అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోసి, రేకలు తుంచివేసి, నడుమ మిగిలిన పుప్పొడి కాడను ఆడపువ్వు మధ్యభాగానికి మెత్తగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు చాలుతుంది. అందుకని రోజూ ఒకటి రెండు మగపూలు ఉంచుకొని తక్కినవన్నీ నిశ్చింతగా వంటకు కోసుకోవచ్చు. మీ అత్తగారి మాటలో తప్పేమీ లేదు, అయితే ఆడపూల జోలికి మాత్రం వెళ్ళకండి.

పూలు పది గంటలకల్లా ముడుచుకుపోతాయి, ముడుచుకున్నదాని లోపల చీమో పురుగో చిక్కుకొని ఉంటుంది. కాబట్టి విచ్చి ఉండగానే కోసి, దులిపి, నీటిలో ఒక్కసారి ముంచి తీసి, గుడ్డ మీద తలకిందులుగా ఆరబెట్టాలి. పట్టుకోవడానికి రెండు అంగుళాల కాడ ఉంచి దాని మీది నూగు పీచును ఒలిచేయండి. పువ్వు అడుగున ముళ్ళలా ఉండే ఆకుపచ్చని తొడిమలనూ, లోపలి పుప్పొడి కాడనూ గిల్లేయండి. కప్పు శెనగపిండికి రెండు చెంచాల బియ్యప్పిండి, వాము, కారం, ఉప్పు వేసి, మిరపకాయ బజ్జీల పిండికంటే బాగా జారుగా కలపాలి. పిండి చిక్కగా ఉంటే మీరు తినేది శెనగపిండి బజ్జీయే తప్ప పువ్వు కాదు.

ఇక అవిసె. మీరు కేసరాలు తీయకుండా వండినట్టున్నారు. పడవలాంటి రేకను విప్పితే లోపల కొడవలిలా వంగిన కేసరాల కట్ట ఉంటుంది. చేదులో ఎక్కువ పాలు దానిదే. దాన్నీ, అడుగున ఉన్న ఆకుపచ్చని గిన్నెనూ తీసేసి, రేకలను తరిగి, ఉప్పు, పసుపు కలిపి పావుగంట ఉంచి, గట్టిగా పిండి వండండి. ఉల్లిపాయ, పచ్చికొబ్బరి కాస్త ఎక్కువగా పడితే మిగిలే ఆ కొద్ది చేదు ఇంపుగానే ఉంటుంది. బాగా విచ్చుకున్నవాటికంటే మొగ్గలు మేలు. మా వైపు తమలపాకు తీగను పాకించడానికి తోటల్లో అవిసెనే వేస్తారు కనుక ఈ పువ్వుకు మాకు కొదవ లేదు. కలప పెళుసు కాబట్టి మిద్దె మీద దాన్ని నిలువునా ఎదగనివ్వకుండా తల తుంచుతూ ఉండండి. అంగట్లో అమ్మే అవిసె గింజల మొక్క వేరు, ఈ చెట్టు వేరు. మా మేనకోడలు ఆ గింజలు తెచ్చి నాటి, మొలిచిన జానెడు మొక్కలు చెట్లవుతాయని రెండు నెలలు కాచుకుంది.

జవాబు (సాగరతీరం, విశాఖపట్నం)

గులాబీల విషయంలో తొందరపడవద్దని నా సలహా. అందం కోసం పెంచే మొక్కలకు కొట్టే మందుల్లో కొన్ని వేరు నుంచీ ఆకు నుంచీ లోపలికి ఇంకి మొక్కంతా పాకుతాయి. పూరేకును ఎన్నిసార్లు కడిగినా అవి పోవు. నేను కొత్త మొక్క తెచ్చినప్పుడు ఉన్న పూలూ మొగ్గలూ తుంచిపారేసి, కొన్ని నెలలు మందు లేకుండా పెంచి, కొత్త కొమ్మలకు వచ్చిన పూలనే వాడుతాను. పూలకొట్టు గులాబీలను వంటింట్లోకి అసలు రానివ్వను. గుల్కంద్‌కు రంగురంగుల హైబ్రిడ్‌ల కంటే వాసన ఉన్న లేత గులాబీరంగు నాటురకం మంచిది; రేకలకు సమానంగా పటికబెల్లం పొడి వేసి, సీసాలో పొరలు పొరలుగా పేర్చి, మూడు నాలుగు వారాలు ఎండలో ఉంచాలి.

ఇంకొక మాట. అదే మిద్దె మీద గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఉంటే పిల్లలకు ముందే చూపించి చెప్పండి. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. కేరళలో తిరువాంకూర్ దేవస్వం బోర్డు 2024 మే నెలలో నైవేద్యానికీ ప్రసాదానికీ గన్నేరు పూలు వాడరాదని నిర్ణయించింది. మనం కూడా పూజపూల బుట్టనూ వంటపూల బుట్టనూ కలపకుండా ఉండడం మంచిది.

జవాబు (ప్రవాసి పెరడు, డాలస్)

గుమ్మడి పువ్వు వండుతున్నామంటే ఇక్కడ మమ్మల్ని వింతగా చూసేవారేమీ లేరు. మెక్సికన్ అంగళ్ళలో ఇవే పూలను కట్టలు కట్టి అమ్ముతారు. వారు చీజ్‌తో కలిపి రొట్టెలో మడిచి కాల్చుకుంటారు. మేము గుమ్మడి జాతిదే అయిన జుకినీ అనే కూరగాయ పూలతోనూ బజ్జీలు వేస్తాము, రుచిలో పెద్ద తేడా లేదు.

ప్రశ్న వేసినవారు (మిద్దెతోట, ఉప్పల్)

అందరికీ ధన్యవాదాలు. పరీక్షగా చూస్తే ఈ రోజు విచ్చుకున్న ఏడు పూలలో ఆరు మగవే. ఒకదాని పుప్పొడి ఆడపువ్వుకు రాశాను, అయిదు బజ్జీలయ్యాయి. అత్తగారు మునగ పువ్వు కూడా పెసరపప్పులో వేద్దామంటున్నారు. దానికీ ఇలాగే మగపూలు వేరుగా ఉంటాయా?

జవాబు (పెరటి పందిరి, తెనాలి)

ఉండవండీ. మునగలో రెండూ ఒకే పువ్వులో ఉంటాయి కనుక మీరు కోసిన ప్రతి పువ్వూ ఒక కాయ ఆశను తీసుకుపోతుంది. అయితే పూతలో చాలా భాగం తనంతట తానే రాలుతుంది. రాత్రి చెట్టు కింద పాత పంచె ఒకటి పరచి ఉంచండి. తెల్లవారేసరికి పప్పులోకి సరిపడా దొరుకుతుంది.