ప్రార్థన యాంత్రికమైపోయింది, చెట్ల మధ్య గడిపితే మారుతుందా?

ప్రశ్న:
రోజూ పొద్దున ప్రార్థనకు కూర్చుంటాను, కానీ ఏడాదిగా పెదవులది ఒక దారి, మనసుది ఒక దారి. కాసేపు ప్రకృతిలో గడపమని తెలిసినవాళ్లు చెబితే రెండుసార్లు వెళ్లాను, ఫోటోలు తీసుకున్నాను, ఎలా వెళ్లానో అలాగే తిరిగొచ్చాను. నిజంగా మార్పు వచ్చినవాళ్లు ఉంటే ఏం చేశారో చెప్పండి.

జవాబు 1:
నాకూ అచ్చం ఇలాగే ఉండేదండి. రెండుసార్లకే తేల్చేయకండి. చోటు మార్చకుండా ఒకే చెట్టు కింద, ఫోన్ ఇంట్లో పెట్టేసి, రోజూ అరగంట కూర్చోండి. మొదటి వారం విసుగొస్తుంది, అయినా కూర్చోండి. నాకు పదో రోజో ఎప్పుడో బెరడు మీద ఒక చీమ ఈగ రెక్కను మోసుకుపోతూ కనిపించింది. గాలి వీచినప్పుడల్లా రెక్క తెరచాపలా లేచేది, చీమ పక్కకి ఒరిగి, కాళ్లు నిలదొక్కుకుని, మళ్లీ నడిచేది. అది కొమ్మ మలుపు తిరిగేదాకా చూశాక తెలిసింది, అంతసేపూ నా గురించి ఒక్క ఆలోచన రాలేదని. ఆ సాయంత్రం ప్రార్థనలో నా మాటలు చాలా రోజుల తర్వాత నాకే వినిపించాయి.

జవాబు 2:
జపాన్ అటవీ శాఖ 1982లోనే దీనికి షిన్‌రిన్-యోకు అని పేరు పెట్టింది, అంటే అడవి స్నానం. నీళ్లేం ఉండవు, చెట్ల మధ్య మెల్లగా తిరగడమే. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్లలో ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పినవాళ్లు ఎక్కువ. ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా లేదట. ఇది భక్తిని కొలిచిన లెక్క కాదు, నిజమే. కానీ అలిసిపోయిన మనసుతో ప్రార్థన కుదరదు, అది నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

జవాబు 3:
అమ్మ పోయాక ఆరు నెలలు దేవుడి పేరు కూడా ఎత్తలేదు, అంత కోపం. ఇంట్లో ఉండలేక ఏటి ఒడ్డున కూర్చునేదాన్ని. నీళ్లు రాళ్లను ఒరుసుకుంటూ పోతూనే ఉండేవి, అక్కడ ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు. భాగవతంలో అవధూత తన 24 మంది గురువుల్లో భూమిని, గాలిని, నీటిని చెప్పుకుంటాడు కదా, చిన్నప్పుడు విన్న ఆ మాట అక్కడే అర్థమైంది. ఏదో జరగాలని ఎదురుచూస్తూ మాత్రం కూర్చోకండి, అదీ ఇంకో టెన్షన్ అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ ఫోన్ లేకుండా వెళ్లాను. ఇరవై నిమిషాలకే లేచిపోయాను. కానీ ఒక ఆకు కొసన మంచు బొట్టు లావెక్కుతూ లావెక్కుతూ జారిపడేదాకా చూశాను. రేపు కూడా అదే చెట్టు దగ్గరికి వెళ్తాను.